పిల్లి రాత్రంతా అరుస్తోందా?

కొత్త ఊరికి వచ్చి ఇల్లు సర్దుకోగానే తోడుంటుందని చాలామంది పిల్లిని తెచ్చుకుంటారు. నాలుగైదు నెలలు తిరిగేసరికి నాకు ఫోన్: "అన్నా, మా పిల్లికేదో అయింది. రాత్రంతా ఏడుస్తోంది, పక్క ఫ్లాటువాళ్లు గోడ కొడుతున్నారు." ఆడదా మగదా, వయసెంత అని అడుగుతాను. ఆడది, ఆరు నెలలు అంటే చాలావరకు అది జబ్బు కాదు, ఎదకు వచ్చింది.

కంగారుపడి మీ దగ్గరున్న నొప్పి మాత్ర వేయకండి. పారాసెటమాల్ పిల్లికి విషం, ఒక్క బిళ్లతో ప్రాణం పోవచ్చు.

ఎదలో ఉన్న పిల్లి ముందుకాళ్లు నేలకు ఆన్చి, నడుము పైకెత్తి, తోక పక్కకు వాల్చి, వెనక కాళ్లతో తొక్కుతూ ఉంటుంది. దాదాపు వారానికి తగ్గుతుంది. గండుపిల్లి కలవకపోతే రెండు మూడు వారాల్లో మళ్లీ మొదలు. వీటికి ఎద వెలుగును బట్టి వస్తుంది. బయట తిరిగేవాటికి పగలు కురచైన నెలల్లో విరామం దొరుకుతుంది. అర్ధరాత్రి దాకా లైట్లు వెలిగే మన ఇళ్లలో అదీ ఉండకపోవచ్చు. పైగా కలిశాకే అండం విడుదలవుతుంది కాబట్టి తలుపు సందులోంచి ఒక్కపూట జారుకున్నా చాలు, తొమ్మిది వారాలకు పిల్లలు. పాలిస్తుండగానే మళ్లీ చూలు కట్టొచ్చు కూడా.

"ఒక్క ఈత కానిచ్చి, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తాం" అంటారు. ఆ ఈత వల్ల దానికి ఒరిగేదేమీ లేదు. మొదటి ఎదకు ముందే చేయిస్తే రొమ్ము కేన్సర్ ముప్పు బాగా తగ్గుతుంది.

మగదాని సంగతి నేను అనుభవించి తెలుసుకున్నాను. ఆపరేషన్ వాయిదా వేస్తూ వచ్చాను. ఓసారి ప్రయాణం నుంచి వచ్చి సూట్‌కేస్ హాల్లో పెట్టాను. మా గండుపిల్లి దాన్ని వాసన చూసి, వెనక్కి తిరిగి, తోక నిటారుగా లేపి, కొస వణికిస్తూ సన్నగా మూత్రం చిమ్మింది. తిట్టాను. పాపం, దానికి నా మీద కోపమేమీ లేదు. కొత్త వాసన ఇంట్లోకొస్తే తన ముద్ర వేసుకుందంతే. మన కాళ్లకు బుగ్గ రుద్దినా, సోఫా గీరినా అదే పని. కాకపోతే వాటికి కంపు ఉండదు!

ఆపరేషన్ అయ్యాక పదింటిలో తొమ్మిది మగపిల్లులు దాదాపు మానేస్తాయి. మిగిలినది మానకపోతే కిటికీలోంచి చూడండి, బయట వేరే పిల్లి తిరుగుతుండొచ్చు. అద్దం కింది సగం కప్పేయండి. మరకను ఎంజైమ్ క్లీనర్‌తో తుడవండి. అమ్మోనియా ఉన్నదైతే దాని ముక్కుకి అదీ మూత్రంలాగే తగిలి మళ్లీ అక్కడికే వస్తుంది. రెండు పిల్లులుంటే లిట్టర్ బాక్సులు (అవి మలమూత్రాలకు వాడే ఇసుక డబ్బాలు) మూడు పెట్టండి. అన్నాచెల్లెళ్లను తెచ్చుకున్నవాళ్లు మగదానికి ఆపరేషన్ అయినా కొన్ని వారాలు విడిగా ఉంచాలి, ఈలోపు చూలు కట్టించగలదు. వాటికి వావివరసలు ఉండవు.

మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే మాత్రం అది ముద్ర వేయడం కాదు, మూత్రనాళం మూసుకుపోయిందేమో. తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఎమర్జెన్సీ వెట్ దగ్గరికి తీసుకెళ్లండి.