నాన్నగారి చేతి మంట ఎక్కడిది?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు, బీపీ ఉంది. నాలుగు నెలల క్రితం ఎడమ పక్కంతా మొద్దుబారిపోతే ఎంఆర్ఐ తీసి, కుడి థాలమస్‌లో చిన్న రక్తపు గడ్డ అడ్డుపడి పక్షవాతం వచ్చిందన్నారు. కాలూ చెయ్యీ కదులుతున్నాయి. కానీ రెండు నెలలుగా ఎడమ చెయ్యి భగభగ మండుతోందంటున్నారు. సాయంత్రం బీచ్ రోడ్డుకి తీసుకెళ్తే, గాలి తగలగానే కారం పూసినట్టుందని వెనక్కి వచ్చేస్తున్నారు. డైక్లోఫెనాక్ వాడినా తగ్గలేదు. చేతిలో వాపు కూడా లేదు. ఇది మనసులో పుట్టిన నొప్పా?
– పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: కాదమ్మా. ఇది నిజమైన నొప్పే. ఇంట్లో ఎవరైనా ‘నటిస్తున్నారు’ అంటుంటే ముందు ఆ మాట మాన్పించండి.

మెదడు నడిమధ్యన, లోతుగా, కుడికొకటి ఎడమకొకటి గుడ్డు ఆకారంలో థాలమస్‌లు ఉంటాయి. ఒక్కోటీ సుమారు 3 సెంటీమీటర్ల పొడవు. స్పర్శ, వేడి, చలి, నొప్పి, చూపు, వినికిడి ఇక్కడ ఆగి, మెదడు పైపొర అయిన కార్టెక్స్‌కి వెళ్తాయి. దీన్ని రైల్వే జంక్షన్‌తో పోలుస్తుంటారు గానీ అది సగమే నిజం. ఏ కబురు ఎంత గట్టిగా పైకి పోవాలో కూడా థాలమస్ దగ్గరే చాలావరకు సర్దుబాటవుతుంది. చలి, నొప్పి తెచ్చే నరాలు వెన్నుపాములోనే అవతలి పక్కకి దాటుతాయి కాబట్టి కుడి థాలమస్ దెబ్బతింటే మంట ఎడమ పక్క వస్తుంది. ఆ సర్దుబాటు చెడితే చల్లగాలి, చొక్కా రాపిడి కూడా మంటగా తెలుస్తాయి. పారిస్ వైద్యులు డెజెరిన్, రూసీ 1906లోనే దీన్ని వర్ణించారు. పక్షవాతం వచ్చిన కొన్ని వారాలకో నెలలకో మొదలవడం దీని తీరు.

చేతిలో వాపు లేదు కాబట్టి వాపు తగ్గించే మాత్ర పని చేయదు. పైగా డైక్లోఫెనాక్ బీపీ పెంచుతుంది, ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. డాక్టరుకి చెప్పి ఆపించండి. న్యూరాలజిస్టులు దీనికి ఎక్కువగా అమిట్రిప్టిలిన్‌ రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. కొందరికి లామోట్రిజిన్, ప్రీగాబాలిన్ ఇస్తారు. గుణం తెలియడానికి వారాలు పడుతుంది. చాలామంది అయిదో రోజుకే ‘పని చేయలేదు’ అని మానేస్తారు, వైద్యం ఎక్కువగా అక్కడే తప్పుతుంది. నొప్పి పూర్తిగా పోకపోవచ్చు, కానీ నిద్ర పట్టేంతగా తగ్గినా మేలే.

మందు మొదలెట్టేముందు నాన్నగారికి ప్రోస్టేట్ ఇబ్బంది, గ్లకోమా, గుండె జబ్బు ఉంటే చెప్పండి. అమిట్రిప్టిలిన్‌కి ముందు ఈసీజీ తీయించడం మంచిది. ప్రీగాబాలిన్ మోతాదు కిడ్నీల పనితీరును బట్టి ఉంటుంది, కాబట్టి క్రియాటినిన్ చూడాలి. లామోట్రిజిన్‌తో ఒంటిమీద దద్దుర్లు వస్తే ఆ రోజే డాక్టరుకి చూపించాలి. ఏ మాత్రనీ సొంతంగా ఒక్కసారిగా ఆపొద్దు.

ఇంట్లో: మెత్తని నూలు చొక్కా, నిండు చేతులది వేయండి. ఫ్యాన్ గాలి నేరుగా చేతిమీద పడనీయకండి. స్నానానికి నీళ్ల వేడి కుడి చేత్తోనే చూసుకోవాలి. వేడినీళ్ల సంచీతో కాపడం వద్దే వద్దు, మొద్దుబారిన చర్మం కాలినా తెలియదు. నొప్పని చెయ్యి కదపకుండా ఉంచితే భుజం బిగుసుకుపోతుంది, అప్పుడు రెండో నొప్పి తోడవుతుంది. ఫిజియోథెరపీ ఆపకండి.

మళ్లీ పక్షవాతం రాకుండా బీపీ 130/80 లోపు ఉంచడం ముఖ్యం. మూతి వంకరపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆఖరుసారి బాగున్న సమయం గుర్తుంచుకుని చెప్పండి, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు.

ప్రశ్న: వాసన థాలమస్ దాటదని పాఠంలో ఉంది. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, గాజువాక

జవాబు: తొలి మజిలీకి నిజం. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపల వాసన ముక్కు నుంచి ఘ్రాణ కార్టెక్స్‌కి థాలమస్‌లో ఆగకుండానే చేరుతుంది. ఆ తర్వాత అక్కడి నుంచి కొంత సమాచారం థాలమస్‌లోని మీడియోడోర్సల్ కేంద్రం ద్వారా నుదుటి వెనకనున్న కార్టెక్స్‌కి వెళ్తుంది. పరీక్షలో రెండూ రాయండి.