డాక్టర్ సలహా: జ్వరం తగ్గింది కదా అని సోమవారం దాకా ఆగకండి

ప్రశ్న: మా తమ్ముడికి 23 ఏళ్లు. రెండు నెలల క్రితం ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా (ఒక రకం రక్త క్యాన్సర్) అన్నారు. బెంగళూరులోనే కీమో నడుస్తోంది. మొదటి నెల వార్డులో ఉన్నాడు. ఇప్పుడు మారతహళ్లిలో మా ఇంట్లో ఉంటూ డే కేర్‌కు వెళ్లి వస్తున్నాడు. చివరి కీమో అయి తొమ్మిది రోజులైంది. నిన్న బయట ల్యాబ్‌లో చేయించిన రిపోర్టులో ప్లేట్‌లెట్లు 38 వేలు, తెల్లకణాలు 1,100, న్యూట్రోఫిల్స్ 20 శాతం. ప్లేట్‌లెట్లు పెరగడానికి బొప్పాయి ఆకు రసం, దానిమ్మ జ్యూస్ ఇవ్వవచ్చా? మొన్న రాత్రి 101 జ్వరం వస్తే డోలో వేశాం, తగ్గింది. తెల్లవారుజామున మళ్లీ వస్తే ఇంకోటి వేసి, పొద్దున మా వీధి చివర క్లినిక్‌లో నడుముకు ఇంజెక్షన్ చేయించాం. ఇప్పుడు బాగానే ఉన్నాడు. హాస్పిటల్ డేట్ సోమవారం. ఈలోపు కదిరి తేరుకు ఊరికి తీసుకెళ్దామని అమ్మ అంటోంది. వాడికి జబ్బు పేరు చెప్పలేదు, రక్తం తక్కువగా ఉందని చెప్పాం. ప్లేట్‌లెట్లు కావాలంటే నేను ఇవ్వవచ్చా?
– ఒక అక్క, బెంగళూరు

సమాధానం: అమ్మా, మీరు అడిగింది ప్లేట్‌లెట్ల గురించి. నన్ను భయపెట్టింది మాత్రం మధ్యలో రెండు ముక్కల్లో చెప్పేసిన ఆ జ్వరం. ఓపీలో ఒక పేషెంట్ వెళ్లి ఇంకొకరు వచ్చేలోపు మీ ప్రశ్న చదువుతూ అక్కడే ఆగిపోయాను. వెంటనే పత్రిక డెస్క్ వాళ్లతో మీకు మెయిల్ పెట్టించాను: సోమవారం దాకా ఆగొద్దు, ఇప్పుడే మీ హాస్పిటల్ ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి అని. వెళ్లారనే నమ్ముతున్నాను. ఈ జవాబు మీలాంటి మిగతా ఇళ్ల కోసం కూడా. నేను మీ తమ్ముణ్ని చూడలేదు, ఫైలు చూడలేదు. అడ్మిట్ చేయాలా, ఏ మందు ఎంత ఇవ్వాలి అనేది మీ హెమటాలజిస్ట్ (రక్త జబ్బుల డాక్టర్) చెప్పాల్సిందే.

ముందు ఆ రిపోర్టు సంగతి. డెంగీ సీజన్లు చూసీ చూసీ మనందరి చూపూ నేరుగా ప్లేట్‌లెట్ల మీదకే పోతుంది. కానీ తెల్లకణాల లైను చూడండి. 1,100లో 20 శాతం అంటే 220. ఇన్ఫెక్షన్ రాగానే మొదట పరిగెత్తి వెళ్లే కణాలు ఈ న్యూట్రోఫిల్సే. ఇవి 500 కంటే తగ్గాయంటే మేమే కంగారు పడతాం. 220 ఉన్న మనిషికి గొంతులో చీము పట్టదు, గాయం ఎర్రబడదు, ఛాతీ ఎక్స్‌రేలో ఒక్కోసారి ఏమీ కనబడదు. చీము పట్టాలన్నా ఆ కణాలే కావాలి మరి. అలాంటప్పుడు మాకు దొరికే ఆనవాలు చాలాసార్లు జ్వరం ఒక్కటే. దాన్ని మీరు మాత్ర వేసి చెరిపేశారు. జ్వరం తగ్గింది నిజమే. లోపల ఇన్ఫెక్షన్ ఉంటే అది తగ్గినట్టు కాదు.

ఇంకో మాట. కీమో ఎక్కించిన రోజు వాంతులు, నీరసం చూసి ఇంట్లో అందరూ హడలిపోతారు. వారం తిరిగేసరికి కాస్త తింటాడు, టీవీ చూస్తాడు, గండం గడిచిందనుకుంటారు. చాలా కీమో మందులకు రక్తకణాల కౌంట్లు అట్టడుక్కి పడేది సరిగ్గా అప్పుడే, సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య. మీ తమ్ముడికి జ్వరం వచ్చింది అందులోనే.

కాబట్టి ఒక నంబర్ గుర్తు పెట్టుకోండి: 100.4. థర్మామీటర్‌లో అది గంటసేపు అలాగే ఉన్నా, ఒక్కసారే 101 చూపించినా, అది రాత్రి రెండు గంటలైనా సరే బయల్దేరాలి. ఇలాంటి పేషెంట్ రాగానే బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములు ఉన్నాయేమో చూసే పరీక్ష) తీసి, గంటలోపు నరానికి యాంటీబయాటిక్ పడేలా చూస్తాం. ఆ గంట అంత విలువైనది. ఈ ఇన్ఫెక్షన్ ఆరేడు గంటల్లో బీపీ పడిపోయే దాకా తీసుకెళ్లగలదు. తెల్లవారాక చూద్దాం అనే మాట ఈ జబ్బులో కుదరదు. మారతహళ్లి నుంచి పొద్దున ఎనిమిదింటికి బయల్దేరితే ఎంతసేపు పడుతుందో నేను మీకు చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి రోడ్డు ఖాళీగా ఉంటుంది. బండి లేకపోతే 108 ఉంది.

పారాసెటమాల్ విషమని నేను అనడం లేదు. జ్వరం ఎంతుందో చూసి, రాసి, డాక్టర్‌తో మాట్లాడాక వాళ్లు వేయమంటే వేయండి. మనంతట మనం వేసి పడుకోబెట్టడమే తప్పు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ రకం లుకేమియా చికిత్సలో స్టెరాయిడ్ మాత్రలు ఇస్తుంటాం. వాటి మీద ఉన్నప్పుడు లోపల ఎంత ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం బయటికి రాకపోవచ్చు. అందుకే చలితో వణుకు, మత్తుగా పడి ఉండటం, మూత్రం తగ్గడం, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా థర్మామీటర్ 98 చూపించినా తీసుకురండి.

క్లినిక్ ఇంజెక్షన్ విషయంలో మాత్రం కాస్త కోప్పడక తప్పదు. అది ఏ మందో మీకు తెలుసా? చీటీ ఉందా? జ్వరానికి నడుముకు చేసే ఇంజెక్షన్లలో డైక్లోఫెనాక్ ఒకటి. అది ప్లేట్‌లెట్ల పనితనాన్ని దెబ్బతీస్తుంది. పైగా 38 వేల ప్లేట్‌లెట్లతో కండలోకి సూది గుచ్చితే లోపల రక్తం కారి, గడ్డలా వాపు రావచ్చు. గుచ్చిన చోట నల్లగా కమిలిందేమో, గట్టిగా ఉందేమో చూసి డాక్టర్‌కు చూపించండి. ఆ క్లినిక్ వాళ్లకు కీమో నడుస్తోందని మీరు చెప్పారో లేదో నాకు తెలియదు. చెప్పి ఉంటే వాళ్లు చేయకపోయేవారేమో. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ కూడా ఇంతే. మోషన్ రాకపోతే ఎనీమా పెట్టడం, మలద్వారంలో మందు పెట్టడం కూడా ఈ రోజుల్లో వద్దు. ఫైలు చూడని మనిషి చేతి మందు, అది చిన్న మాత్రైనా, దయచేసి వేయించకండి. నిమోనియా ముదిరాక, ‘పక్కింటాయన ఇచ్చిన యాంటీబయాటిక్ మూడు రోజులు వాడాం సార్’ అని తీసుకొచ్చినవాళ్లను చూశాను. అందుకే ఇంత చెబుతున్నాను.

చిత్తూరు వైపు నుంచి ఒక తండ్రి కొడుకుని తీసుకొచ్చేవారు. పెద్దగా చదువుకోలేదు. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో తిథి, నక్షత్రం ఉన్న గడిలోనే పెన్సిల్‌తో పొద్దున, సాయంత్రం జ్వరం ఎంతుందో రాసేవారు. కీమో పడిన రోజుకు సున్నా చుట్టేవారు. నెల మారితే ఆ కాగితం చింపి ఫైల్లో పెట్టుకుని వచ్చేవారు. మా జూనియర్ డాక్టర్లు కేస్ షీట్ కంటే ముందు దాన్నే చూసేవాళ్లు. మీరూ అలాంటిదేదో మొదలుపెట్టండి. తలుపు పక్కన ఒక సంచి సిద్ధంగా ఉండాలి. అందులో ఫైలు, చివరి సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టు, మందుల చీటీలు, ఒక జత బట్టలు, ఛార్జర్. వార్డు రాత్రి డ్యూటీ ఫోన్ నంబర్ ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉండాలి, మీ ఒక్కరి ఫోన్‌లో ఉంటే చాలదు.

తేరు సంగతి. కదిరి నరసింహస్వామి మీద మీ అమ్మగారికి ఉన్న నమ్మకాన్ని నేను కాదనను. కానీ ఈ కౌంట్లతో ఆ జనంలోకి వద్దు. గుంపు ఒక కారణం. అంతకంటే పెద్దది, అక్కడ రాత్రి జ్వరం వస్తే మళ్లీ బెంగళూరు చేరడానికి పట్టే గంటలు. అమ్మగారు వెళ్లి మొక్కు చెల్లించి రానివ్వండి, అబ్బాయి ఇక్కడే ఉండాలి. కౌంట్లు కోలుకున్నాక ఊరు సంగతి డాక్టర్‌ని అడగండి.

ప్లేట్‌లెట్లు మీరు ఇవ్వడం గురించి: మంచి మనసే, కానీ ఆగండి. రేపు బోన్ మ్యారో (మూలుగ) మార్పిడి అవసరమైతే మొదట వెతికేది తోడబుట్టిన వాళ్లనే. ఒక్కొక్కరికీ పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. ముందే మీ రక్తం ఎక్కిస్తే అతని శరీరం మీ కణాలకు వ్యతిరేకంగా తయారయ్యే ప్రమాదం ఉంది. దగ్గరి బంధువుల రక్తంతో అరుదుగా ఇంకో తీవ్రమైన ఇబ్బంది కూడా వస్తుంది, అందుకే ఆ రక్తానికి రేడియేషన్ ఇచ్చాకే వాడతారు. కాబట్టి మీ ఆఫీసు వాళ్లను, అతని కాలేజీ స్నేహితులను అడగండి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు. ఒకేరోజు పదిమందిని పోగు చేయడం కంటే, వారానికి ఇద్దరు చొప్పున పేర్లు రాసుకోవడం మేలు. ఇచ్చేవాళ్లు అంతకుముందు మూడు రోజుల్లో ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు.

పేరు చెప్పకపోవడం గురించి మీరు నన్ను అడగలేదు, అయినా రాస్తున్నాను. 23 ఏళ్లవాడు. వార్డు బోర్డు చదవగలడు, చేతిలో ఫోన్ ఉంది. అతనికి తెలిసే ఉండొచ్చు, మీరు బాధపడతారని ఊరుకుంటున్నాడేమో. రక్తం తక్కువ అనుకునే కుర్రాడు రాత్రి వణుకు వస్తే మిమ్మల్ని ఎందుకు లేపుతాడు? దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. ఈ చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది, చివరి రెండేళ్లలో ఇంట్లో రోజూ మాత్రలు వేసుకోవాల్సింది అతనే. వచ్చే విజిట్‌లో డాక్టర్ ముందు కూర్చోబెట్టి, ఆయన చేతే చెప్పించండి. లుకేమియాల్లో నయమయ్యే అవకాశం ఉన్న రకం ఇది అన్న మాట కూడా అతను అప్పుడే వింటాడు.

ఇక మీరు అడిగింది. బొప్పాయి ఆకు రసం వద్దు. ఇక్కడ ప్లేట్‌లెట్లు తగ్గింది మూలుగలో జబ్బు వల్ల, కీమో వల్ల. ఆకు రసం దాన్ని మార్చదు. పచ్చి ఆకు నూరితే దాని మీది క్రిములు నేరుగా కడుపులోకి పోతాయి. తిప్పతీగ కషాయమూ వద్దు. దాన్ని తాగి లివర్ దెబ్బతిన్నవాళ్ల గురించి ముంబై వైద్యులు 2021లోనే రాశారు, మీ తమ్ముడి లివర్ మీద ఇప్పటికే కీమో భారం ఉంది. వేడి వేడి అన్నం, పప్పు, బాగా ఉడికిన గుడ్డు, అప్పుడే వండిన కూరలు పెట్టండి. దానిమ్మ ఇష్టమైతే పెట్టండి, అది ప్లేట్‌లెట్లు పెంచుతుందని కాదు, నోటికి రుచిగా ఉంటుందని. జ్యూస్ సెంటర్ నుంచి మాత్రం తేవద్దు. పండు కడిగి, చేతులు సబ్బుతో కడుక్కుని, ఇంట్లో ఒలిచి అప్పటికప్పుడు ఇవ్వండి. నోట్లో పుళ్లు ఉంటే మంటపుడుతుంది, అవి తగ్గేదాకా ఆగండి.