ట్యాపెట్ చప్పుడు పూర్తిగా పోవాలని పట్టుబట్టకండి

మీ ప్రశ్న ఇది: 150 సీసీ బండి, ఇంజన్ హెడ్ దగ్గర టిక్ టిక్ అని చప్పుడు వస్తోంది, ట్యాపెట్లు (వాల్వ్‌కూ దాన్ని నొక్కే రాకర్ అనే చేతికీ మధ్య సందు సరిచేసే స్క్రూలు) బిగిస్తే పోతుందని మెకానిక్ అంటున్నాడు, బిగించమనాలా, ఇంట్లోనే చేసుకోవచ్చా? ఇంట్లో చేసుకోవచ్చు. కానీ చప్పుడు పోవడం కోసం మాత్రం బిగించకండి. సన్నగా టిక్ టిక్ మనే ఇంజన్‌కు ఏ జబ్బూ లేదు. నిన్నటిదాకా చప్పుడు చేసి ఇవాళ ఉన్నట్టుండి మౌనంగా మారిన ఇంజన్‌ను చూస్తేనే నాకు భయం.

మా బామ్మర్ది బెంగళూరులో మారతహళ్లిలో ఉంటాడు, ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో. రోజూ సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ దాటాలి. బండి చప్పుడంటే వాడికి చిరాకు. వీధి చివర షెడ్‌కు తీసుకెళ్లి "సౌండే రాకూడదు" అన్నాడు. అప్పుడే నడిపి తెచ్చిన బండి, ఇంజన్ మీద చెయ్యి పెడితే కాలేంత వేడి. అక్కడి కుర్రాడు మూతలు విప్పాడు, స్క్రూ తిప్పాడు, వేలితో రాకర్ కదిపి చూశాడు, మూతలు పెట్టేశాడు. సన్న సందులు కొలిచే రేకుల కట్ట, ఫీలర్ గేజ్, బయటికి రానేలేదు. "బావా, కుట్టు మిషన్‌లా ఉండేది, ఇప్పుడు అసలు ఆన్‌లో ఉందో లేదో తెలియట్లేదు" అని ఆ సాయంత్రం ఫోన్ చేశాడు.

కొన్ని వారాలకు కొత్త గోల మొదలైంది. పొద్దున సెల్ఫ్ నొక్కగానే స్టార్ట్ అవుతుంది. ట్రాఫిక్‌లో అరగంట నలిగాక సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. ఎత్తు ఎక్కమంటే లాగదు. ప్లగ్ మార్చారు, కార్బొరేటర్ కడిగారు, పెట్రోల్‌లో కల్తీ అన్నారు. హెడ్ మూత మాత్రం ఎవరూ విప్పలేదు.

ఆ సందు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే కొలవాలి కాబట్టి శనివారం రాత్రి బండి కదపొద్దని చెప్పి, ఆదివారం పొద్దున్నే గేజ్ పట్టుకుని వెళ్లాను. వాళ్ల బేస్‌మెంట్‌లో ప్లగ్ తీసి, హెడ్ మీది రెండు మూతలు, ఎడమ పక్క కవర్ మీది రెండు మూతలు విప్పాం. టీ స్పానర్‌తో ఇంజన్ తిప్పుతూ ఫ్లైవీల్ మీది 'టీ' గుర్తును గీతకు ఎదురుగా తెచ్చాను. పిస్టన్ పైన ఉంది. పెట్రోల్, గాలి లోపలికొచ్చే ఇన్లెట్ వాల్వ్ రాకర్ సన్నగా ఊగింది. పొగ బయటికెళ్లే ఎగ్జాస్ట్ వాల్వ్ రాకర్ మాత్రం రాయి. "ఇంకో చుట్టు తిప్పాలేమో బావా, రెండూ ఊగాలి కదా" అన్నాడు. రెండూ ఊగాలన్న మాట నిజమే, తిప్పి చూపించాను. అప్పుడు రెండూ బిగుసుకున్నాయి, అంటే అది ఎగ్జాస్ట్ అయిపోయి ఇన్లెట్ మొదలయ్యే చోటు. మళ్లీ ఒక చుట్టు తిప్పి మొదటి చోటికే వచ్చాను. గేజ్‌లో అన్నిటికన్నా సన్న రేకు 0.05 మిల్లీమీటర్లది. అది కూడా ఎగ్జాస్ట్ వైపు దూరలేదు. వాడి మాన్యువల్ ప్రకారం అక్కడ 0.12 ఉండాలి, ఇన్లెట్‌కు 0.08. గడ్డం గీసుకునే బ్లేడ్ మందమే సుమారు 0.1. ఆ మాత్రం సందు వేలికి ఎలా తెలుస్తుంది?

6000 ఆర్పీఎం (నిమిషానికి 6000 చుట్లు) దగ్గర, రెండు చుట్లకు ఒకసారి చొప్పున, ఒక్కో వాల్వ్ సెకనుకు 50 సార్లు తెరుచుకుంటుంది. మూసుకుని సీటు మీద కూర్చున్న ఆ కాసేపట్లోనే ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని హెడ్‌కు వదలాలి. ఇంజన్ వేడెక్కితే వాల్వ్ కాడ సాగుతుంది. ఆ సాగుడుకు చోటు కోసమే ఆ సందు. చోటు లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, మంట అంచు నుంచి కారుతుంది, కంప్రెషన్ పోతుంది, చివరికి వాల్వ్ అంచు కాలిపోతుంది. పైగా వాడకంలో వాల్వ్ సీటులోకి కొద్దికొద్దిగా దిగి సందు తనంతట తానే తగ్గొచ్చు. అలాంటప్పుడు చెడే కొద్దీ చప్పుడు తగ్గుతుంది. అందుకే చెవిని నమ్మొద్దంటాను.

సర్వీస్ సెంటర్ల మీద నాకు కోపం. బండి పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకుంటాం, వాటర్ వాష్, పాలిష్ బ్రహ్మాండంగా ఉంటాయి. మా వాడి సర్వీస్ కార్డులో వాల్వ్ చెక్ ఎదురుగా టిక్కు ఉంది. ఇంజన్ చల్లారడానికే గంటలు పడుతుంది, ఎప్పుడు చూశారు మరి?

ఇంకొకటి, కిలోమీటర్ల లెక్క బెంగళూరుకు సరిపోదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఫస్టు, సెకండు గేర్లలో గాలి తగలకుండా ఉడికే ఇంజన్ మీటరు మీద కనిపించేదానికన్నా చాలా ఎక్కువ పని చేసి ఉంటుంది. మాన్యువల్‌లో రాసిన దూరానికి ముందే ఒకసారి సందు చూసుకోండి.

మీరే చేసేటట్టయితే జాగ్రత్త పడాల్సింది లాక్ నట్ దగ్గర. రేకు సందులో ఉంచి, లాగితే కాస్త పట్టుకుంటున్నట్టు ఉండేలా స్క్రూ తిప్పి, స్క్రూను కదలకుండా పట్టుకునే ఉండి నట్ బిగించాలి. నట్‌తో పాటు స్క్రూ తిరిగి సందు మారుతుంది కాబట్టి బిగించాక రేకు మళ్లీ పెట్టి చూడాలి. మా వాడి బండికి ఇక్కడే ఎక్కువ సేపు పట్టింది. స్టార్ట్ చేయగానే టిక్ టిక్ తిరిగొచ్చింది, వాడి మొహం వాడిపోయింది. సోమవారం సిల్క్ బోర్డ్ దగ్గర మాత్రం బండి ఆగలేదు, ఆ తర్వాతా ఆగలేదు.

వేలితో చూసే పద్ధతి పాత బుల్లెట్ల నుంచి వచ్చిందని నా నమ్మకం. కింది నుంచి పొడుగాటి రాడ్‌లు రాకర్లను నెట్టే ఆ పుష్‌రాడ్ ఇంజన్‌కు అది సరైనదే, చల్లగా ఉన్నప్పుడు రాడ్ వేళ్లతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. మీ బండికి అది పనికిరాదు. కేటీఎం డ్యూక్ లాంటి వాటిలో స్క్రూ ఉండదు, కొలిచి షిమ్‌లు (సందు సరిచేసే చిన్న లోహపు బిళ్లలు) మార్చాలి, అది తెలిసినవాళ్లకే ఇవ్వండి. గేజ్ బెంగళూరు ఎస్పీ రోడ్డులో పనిముట్ల దుకాణాల్లో దొరుకుతుంది, 0.05 రేకు ఉన్నదే అడగండి. మెకానిక్ చేతే చేయిస్తానంటే బండి ముందురోజు రాత్రే షెడ్‌లో వదిలేసి, పొద్దున మూత విప్పేటప్పుడు పక్కన నిలబడండి.