ఎనిమిదేళ్ల అల్లుడు

ప్రశ్న: మా అబ్బాయి న్యూకాజిల్‌లో ఉంటాడు. కోడలిది ఆ పక్కనే డర్హమ్ కౌంటీ. వాళ్ల పూర్వీకులు బొగ్గు గని కార్మికులు. మా మామగారు కూడా సింగరేణిలో కోల్ కట్టర్‌గా చేశారు. అందుకే మనవడికి రెండు వైపుల కథా రాసివ్వాలని నా ఆశ. కోడలు 1861 జనాభా లెక్కల కాగితం ఒకటి పంపింది. అందులో ఇంటి పెద్ద, భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నారు. పెద్ద పిల్లవాడికి ఎనిమిదేళ్లు, ఇంటిపేరు వేరు, వరస దగ్గర ‘సన్ ఇన్ లా’ అని ఉంది. మా కోడలి పుట్టింటి ఇంటిపేరు ఆ పిల్లవాడిదే. ఎనిమిదేళ్లకే అల్లుడేమిటి? పైగా 1871 లెక్కల్లో అతను ఎక్కడా కనిపించడం లేదు.
— ఒక పాఠకురాలు, కొత్తగూడెం

జవాబు: అమ్మా, ఆ పిల్లవాడు అల్లుడు కాదు. ఆ ఇల్లాలి కొడుకు, ఇంటి పెద్దకు మారు కొడుకు. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో పెళ్లి వల్ల కలిసిన చుట్టరికాలకు ‘ఇన్ లా’ అని రాయడం మామూలే. నేను డర్హమ్‌లో ఉన్నప్పుడు మా పక్కింటి పెద్దావిడ వంశం వెతికిపెడుతూ సరిగ్గా ఈ మాట దగ్గరే రెండు నెలలు ఆగిపోయాను. లేని కూతురి పెళ్లి కోసం రిజిస్టర్లన్నీ తిరగేశాను. మీకు ఆ శ్రమ వద్దు.

మీరు పంపిన కాగితంలోనే చాలా ఉంది. పుట్టిన ఊరు గడి చూడండి: పెద్దవాడు హాస్వెల్, నాలుగేళ్ల పాప థోర్న్‌లీ, చంటిది హెట్టన్. మూడూ బొగ్గు ఊళ్లే. డర్హమ్‌లో గని కార్మికులు ఏడాదికోసారి యజమానితో ‘బాండ్’ రాసుకునేవారు. ఆ పద్ధతి 1872 దాకా నడిచింది. గడువు తీరగానే, మరో గనిలో కూలి మెరుగ్గా ఉంటే సామాను బండికెత్తుకుని వెళ్లిపోయేవారు. ఇల్లు కూడా గని వాళ్లదే కాబట్టి పని మారితే ఇల్లూ మారేది. అందుకే ఒక్కో బిడ్డ ఒక్కో ఊళ్లో పుట్టింది. స్పెల్లింగు తేడా ఉంటే కంగారు పడకండి. ఇప్పుడు మనకు దొరికేది లెక్కల ఉద్యోగి ఇంటింటి కాగితాలు చూసి పుస్తకంలోకి ఎక్కించిన నకలు. చదువు రాని ఇంట్లో అయితే వాళ్లు నోటితో చెప్పింది, అతని చెవికి ఎలా వినిపిస్తే అలా పడింది.

ఇప్పుడు వయసులు లెక్క కడదాం. ఆ లెక్కలు తీసింది 1861 ఏప్రిల్ 7న. పెద్దవాడు 1852-53లో పుట్టాడు, పాప 1856-57లో. కాబట్టి తల్లి పెళ్లి ఈ మధ్యలోనే జరిగి ఉంటుంది. ముందు ఆ పెళ్లి సర్టిఫికెట్ తెప్పించండి. అందులో ఆవిడ పేరు పక్కన ‘విడో’ (భర్త పోయినావిడ) అని ఉంటే, అప్పటికి ఆవిడకున్న ఇంటిపేరు మొదటి భర్తది. ‘స్పిన్‌స్టర్’ (అంతవరకు పెళ్లి కానిది) అని ఉంటే, పిల్లవాడు పెళ్లికి ముందు పుట్టినవాడు. అప్పుడు మీ కోడలి ఇంటిపేరు ఆ తల్లి పుట్టింటి నుంచి వచ్చిందన్నమాట. ఏది తేలినా కోడలికి నెమ్మదిగా, గౌరవంగా చెప్పండి. ఆ పిల్లవాణ్ని వదలకుండా వెంట తెచ్చుకుని పెంచిన తల్లి ఆవిడ.

విడో అని తేలితే మొదటి భర్త మరణం వెతకాలి. జననమరణాల రిజిస్ట్రేషన్ అక్కడ 1837 జులై 1న మొదలైంది. జనరల్ రిజిస్టర్ ఆఫీసు ఆన్‌లైన్ సూచికలో పిల్లవాడి జననం పక్కన తల్లి పుట్టింటి ఇంటిపేరు, మరణాల దగ్గర వయసు ఉంటాయి. గని ప్రమాదమే అని ముందే అనుకోవద్దు. 1853లో న్యూకాజిల్‌లో కలరా వచ్చి పదిహేను వందల మందికి పైగా పోయారు. ప్రమాదమే అయితే డర్హమ్ మైనింగ్ మ్యూజియం వెబ్‌సైట్‌లో చనిపోయినవాళ్ల పేర్లున్నాయి, చూడండి. పెద్ద పేలుళ్ల గురించే అందరూ చెప్పుకుంటారు గానీ, రూఫ్ కూలి ఒకరూ ఇద్దరుగా పోయినవాళ్లే ఎక్కువ. మీ మామగారి ఇంట మెట్టినవాళ్లకు ఇది నేను చెప్పనక్కర్లేదు. అలాంటి చావులకు కరోనర్ (చావు ఎలా జరిగిందో తేల్చే అధికారి) విచారణ జరిగేది. ఊరి పత్రికలో నాలుగు లైన్లయినా పడేది.

ఇక 1871. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు. మారు తండ్రి ఇంటిపేరుతో వెతకండి. పేరు, వయసు, హాస్వెల్ – ఈ మూడూ కలిస్తే అతనే. ఇంట్లో అందరినీ ఒకే ఇంటిపేరుతో రాసేయడం చాలా చోట్ల కనిపిస్తుంది. తర్వాత ఎప్పుడో పాత ఇంటిపేరుకు వచ్చి ఉంటాడు, లేకపోతే అది మీ కోడలి దాకా వచ్చేది కాదు.

చివరిగా 1911 లెక్కలు తప్పక చూడండి. అతను బతికుంటే 58 ఏళ్లు. ఆ ఏడాది ఇంటి పెద్ద స్వయంగా నింపిన కాగితాలే దాచారు. అంతకు ముందు ఏళ్లలాగా నకలు కాదు. పెళ్లయి ఎన్నేళ్లు, ఎందరు పుట్టారు, ఎందరున్నారు, ఎందరు పోయారు అని అడిగారు. మా పక్కింటావిడ తాతగారు పదకొండు మంది పుట్టారని, నలుగురు పోయారని రాశారు. అంతటితో ఆగక, బతికున్న పిల్లల కింద పోయిన నలుగురి పేర్లూ వయసులతో సహా రాసేశారు. అధికారి వాటిని ఎర్ర సిరాతో కొట్టేశాడు. గీత సన్నది, కింద అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. ఆవిడ కళ్లద్దాలు సరిచేసుకుని, కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి ఆ నాలుగు పేర్లూ పైకే చదివింది.