హాస్టల్ వైఫైలో ఎవరి లాగిన్ వాళ్లకి: సర్వర్ ఏది, క్లయింట్ ఏది?

అమలాపురం కాలేజీ హాస్టల్‌లో అందరికీ ఒకే వైఫై పాస్‌వర్డ్ ఉంది, విడివిడిగా ఇవ్వాలంటే ఏ సాఫ్ట్‌వేర్ కావాలని అడిగారు.

సర్వర్‌కి, అంటే లాగిన్‌లు సరిచూసే వైపుకి, ఫ్రీరేడియస్ అనే సాఫ్ట్‌వేర్ చాలు, పైసా ఖర్చు లేదు. యాక్సెస్ పాయింట్‌లో (వైఫై ఇచ్చే పెట్టెలో) డబ్ల్యూపీఏ2 ఎంటర్‌ప్రైజ్ (ఎవరి లాగిన్ వాళ్లని అడిగే భద్రతా పద్ధతి) పెట్టి, సర్వర్ ఐపీ, యూడీపీ పోర్టు 1812, షేర్డ్ సీక్రెట్ (ఆ పెట్టెకీ సర్వర్‌కీ మధ్య రహస్య పదం) ఇవ్వండి. క్లయింట్, అంటే ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో లాగిన్ పంపే సాఫ్ట్‌వేర్, కొనక్కర్లేదు. విండోస్, ఆండ్రాయిడ్‌లలో ఉన్నదే. లినక్స్‌లో డబ్ల్యూపీఏ సప్లికెంట్.

తేల్చుకోవాల్సింది పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి. పాస్‌వర్డ్‌లు బీక్రిప్ట్ హ్యాష్‌గా (అసలు పాస్‌వర్డ్‌ని తిరిగి రాబట్టలేని రూపంలో) దాచి ఉంటే పీఈఏపీ-ఎంఎస్‌చాప్‌వీ2 అనే పద్ధతి పనిచేయదు. దానికి అసలు పాస్‌వర్డో, ఎన్‌టీ హ్యాషో (విండోస్ వాడే హ్యాష్ రూపం) కావాలి. అలాంటప్పుడు ఈఏపీ-టీటీఎల్‌ఎస్ (ముందు సర్వర్‌తో రహస్య దారి వేసే పద్ధతి) పెట్టి, లోపల పాప్ (పీఏపీ, పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు పంపేది) వాడండి. విండోస్ 8 నుంచీ ఇది ఉంది.

ప్రతి ఫోన్‌లో సీఏ సర్టిఫికెట్ (సర్వర్ మనదేనని తేల్చేది), డొమైన్ (సర్వర్ పేరు) రెండూ తప్పకుండా నింపించండి. వదిలేస్తే, పక్క గదిలో అదే పేరుతో ఎవరైనా వైఫై పెట్టినా పిల్లల పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు వాళ్ల చేతిలో పడుతుంది. ఇక్కడ బద్ధకం అస్సలు పనికిరాదు.

ఇంకోటి: ఫ్రీరేడియస్ నమూనా సెట్టింగులతో చేసిన సర్టిఫికెట్లకు గడువు 60 రోజులే. సంక్రాంతి సెలవుల నుంచి వచ్చేసరికి ఒక్కరికీ కనెక్ట్ కాకపోతే ముందు అదే చూడండి. సీఏ, సర్వర్ రెండు ఫైళ్లలోనూ రోజులు పెంచాకే సర్టిఫికెట్లు తయారుచేయండి.