కంప్యూటర్ చిక్కుల గురించి రాయబోతున్న మీకు

మిత్రులకు నమస్కారం.

అభిప్రాయం కోసం మీరు పంపిన ‘కంప్యూటర్ నెమ్మదించిందా? ఈ పది చిట్కాలు పాటించండి’ అనే వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. భాష శుభ్రంగా ఉంది, వాక్యం ఎక్కడా తడబడలేదు, కొత్తవారికి కొరుకుడు పడని మాట ఒక్కటీ లేదు. అయినా ఇప్పుడున్న రూపంలో దాన్ని ప్రచురణకు పంపవద్దనే నా సలహా. మీరు పది మందులు రాశారు గానీ రోగమేమిటో కనుక్కొనే పరీక్ష ఒక్కటీ రాయలేదు. పాఠకుడు ఆ పదీ వరుసగా చేసుకుంటూ పోతాడు. ఏడోదో ఎనిమిదోదో చేశాక కంప్యూటర్ కాస్త వేగం పుంజుకున్నట్టు తోస్తుంది. దేనివల్ల పుంజుకుందో ఆయనకూ తెలియదు, మీకూ తెలియదు. వారం తిరిగేసరికి అదే ఇబ్బంది మళ్లీ వస్తే ఆయన మొదటి చిట్కా నుంచి మొదలుపెట్టవలసిందే.

ఈ రంగంలో రాయదలచినవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. ఫలానా పని చేయండి అని రాసిన ప్రతిచోటా, అది చేశాక తెర మీద ఏమి కనబడుతుందో, కనబడినదాన్నిబట్టి ఏమి తేలుతుందో కూడా రాయండి. ఈ లేఖలో తక్కినదంతా దానికి వివరణే.

మీ వ్యాసాన్నే తీసుకుందాం. ‘నెమ్మదించింది’ అన్న ఫిర్యాదు వెనుక కనీసం నాలుగు వేర్వేరు సంగతులు ఉండవచ్చు. ప్రాసెసర్ మీద ఏదో ప్రోగ్రామ్ మితిమీరిన భారం వేసి ఉండవచ్చు, ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌లకు చోటిచ్చే మెమరీ) చాలకపోయి ఉండవచ్చు, డిస్క్ అందుకోలేకపోతూ ఉండవచ్చు, లేదా కంప్యూటర్ నిక్షేపంగానే ఉండి ఇంటర్నెట్ మందగించి ఉండవచ్చు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులోని పర్ఫార్మెన్స్ విభాగాన్ని ఎలా చదవాలో మీరు ఒక పేరాలో చెబితే, ఆ నాలుగింటిలో తనది ఏదో పాఠకుడు తానే తేల్చుకుంటాడు. పెద్ద పనేమీ నడవకుండానే డిస్క్ గీత నూరు శాతం దగ్గర నిలిచిపోయి, చదివే వేగం మాత్రం సెకనుకు ఒకటి రెండు మెగాబైట్లు దాటకుండా ఉంటే, టెంపరరీ ఫైళ్లు ఎన్ని తుడిచినా ప్రయోజనం ఉండదు. పాత హార్డ్‌డిస్క్ పని తట్టుకోలేకపోవడమో, డిస్క్ పాడైపోతూ ఉండడమో దానికి కారణం కావచ్చు, కనుక ముఖ్యమైన ఫైళ్లను ముందు వేరేచోటికి కాపీ చేసుకోమనాలి. మెమరీ గీత పైఅంచును తాకుతూ ఉంటే, ప్రాసెసెస్ విభాగంలో మెమరీ అన్న శీర్షిక మీద నొక్కినప్పుడు ఎక్కువ వాడుతున్న ప్రోగ్రామ్ వరుసలో పైకి వస్తుంది. చాలాసార్లు అది డజన్ల కొద్దీ ట్యాబులు తెరిచి ఉంచిన బ్రౌజరే అవుతుంది. మీ మొదటి చిట్కా అయిన టెంపరరీ ఫైళ్ల తొలగింపు సి డ్రైవ్ దాదాపు నిండిపోయినప్పుడు పనికొస్తుంది, మిగతా వేళల్లో వేగానికి దానివల్ల ఒరిగేది చాలా తక్కువ. ప్రీఫెచ్ ఫోల్డర్‌ను ఖాళీ చేయమన్న నాలుగో చిట్కాను, రిజిస్ట్రీ క్లీనర్ వాడమన్న ఆరో చిట్కాను నిర్మొహమాటంగా కొట్టివేయండి. ప్రీఫెచ్ అన్నది ప్రోగ్రామ్‌లు త్వరగా తెరుచుకోవడానికి విండోస్ తనకు తాను రాసుకొనే సమాచారం. దాన్ని తుడిచేస్తే ఆ తర్వాత తొలిసారి తెరిచే ప్రోగ్రామ్‌లు ఇంకా ఆలస్యమవుతాయి. రిజిస్ట్రీ అన్నది విండోస్ తన అమరికలను దాచుకొనే చోటు; దాన్ని శుభ్రం చేస్తామనే క్లీనర్ల వాడకాన్ని మైక్రోసాఫ్ట్ సంస్థే సమర్థించదు.

మీ చిట్కాలలో నాకు నచ్చింది కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయమన్నది. కాని దాన్ని ఒక్క ముక్కలో ముగించారు. పాఠకుడు అది చదివి, ‘నేను రోజూ రాత్రి ఆపే పడుకుంటున్నాను కదా’ అనుకొని దాటవేస్తాడు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ నొక్కితే మనం తెరిచిన ప్రోగ్రామ్‌లు మూతపడతాయి గానీ, విండోస్ మూలభాగమైన కెర్నెల్, పరికరాలను నడిపే డ్రైవర్ల స్థితి డిస్క్ మీద భద్రపడి మర్నాడు అదే తిరిగి లేస్తుంది. అంటే చిక్కుపడిన డ్రైవర్ కూడా ఆ చిక్కుతోనే లేవవచ్చు. రీస్టార్ట్ నొక్కినప్పుడే అంతా మొదటి నుంచి మొదలవుతుంది. ఈ మాట నమ్మించడానికి వాదన అక్కర్లేదు. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ గ్రాఫ్ కింద అప్‌టైమ్ అనే అంకె ఉంటుంది, విండోస్ మొదటి నుంచి మొదలై ఎంతకాలమైందో అది చెబుతుంది. రోజూ ఆపుతున్నాననుకొనే మనిషి అక్కడ పన్నెండు రోజులు అని చూసినప్పుడు, రీస్టార్ట్ ఎందుకు చేయాలో మీరు మళ్లీ చెప్పనవసరం ఉండదు.

ఎర్రర్ సందేశాల గురించి మీరు మరింత ఓపిక పట్టాలి. వాటిని పిచ్చిగీతల్లా చూసి, ‘ఏదో ఎర్రర్ వస్తే ఇలా చేయండి’ అని రాసేవారు ఎక్కువ. ఆ అంకెలకు వ్యాకరణం ఉంది. విండోస్ అప్‌డేట్‌లో తరచు కనబడే కోడ్‌లలో సున్నా ఎక్స్ తర్వాత 8007 అని మొదలయ్యేవి ఒక కుటుంబం. చివరి నాలుగు స్థానాలూ విండోస్ మామూలు ఎర్రర్ సంఖ్యను పదహారు ఆధారంగా రాసిన రూపం. 80070070 అని వస్తే చివరి 70ని దశాంశంలోకి మార్చండి, ఏడు పదహార్లు 112 వస్తుంది. ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ హెల్ప్‌ఎంఎస్‌జి అన్న ఆదేశం పక్కన ఆ 112 ఇస్తే, డిస్క్‌లో చాలినంత చోటు లేదని విండోస్ తానే చెబుతుంది. 80070005 అయితే చివరి అంకె 5, అంటే అనుమతి నిరాకరణ. ఈ రెండు కోడ్‌లకూ ఒకే ‘పరిష్కారం’ చూపే వ్యాసాలు ఉన్నాయి. ఒకటి చోటు లేక ఆగింది, ఇంకొకటి అనుమతి లేక ఆగింది అని తెలిసినవారెవరూ అలా రాయరు.

అలాగని కోడ్ కనబడగానే దాన్నే కారణమని ప్రకటించకండి. జరిగిన సంగతులను విండోస్ నమోదు చేసి చూపే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్ పవర్ పేరుతో 41 అనే క్రిటికల్ ఈవెంట్ ఎర్రగా కనబడుతుంది. దాన్ని చూపి పవర్ సప్లయ్ మార్చమని సలహా ఇవ్వడం పరిపాటి అయింది. 41 చెప్పేది ఇంతే: కిందటిసారి కంప్యూటర్ సక్రమంగా షట్‌డౌన్ కాకుండానే మళ్లీ లేచింది. కరెంటు పోయినా, యంత్రం బిగుసుకుపోయి పవర్ మీట నొక్కిపట్టి ఆపినా, విండోస్ కూలి బ్లూ స్క్రీన్ వచ్చినా అదే 41 నమోదవుతుంది. జరిగిన సంగతికీ దాని కారణానికీ తేడా మీ వాక్యంలో ఎప్పుడూ చెరిగిపోకూడదు.

పరీక్ష ద్వారా కారణం తేల్చడం ఎలా ఉంటుందో చూపడానికి ఒక ఉదాహరణ ఇస్తాను, దీని మీద మీరు పూర్తి వ్యాసం రాయవచ్చు. ఏ వెబ్‌సైట్ తెరిచినా ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అని బ్రౌజర్ హెచ్చరిస్తోందనుకోండి. పాఠకుడు బ్రౌజర్‌ను తీసేసి మళ్లీ ఎక్కిస్తాడు, యాంటీవైరస్‌ను ఆపుతాడు, రౌటర్‌ను తిడతాడు. అడగవలసిన మొదటి ప్రశ్న: ఒక్క సైటులోనా, అన్నింటిలోనా? ఒక్కదానిలోనే అయితే తప్పు చాలావరకు ఆ సైటు నిర్వాహకులది. అన్నింటిలో అయితే తెర మూలన ఉన్న తేదీ చూడమనండి. సైటు తనను తాను రుజువు చేసుకోవడానికి చూపే సర్టిఫికెట్‌కు ప్రారంభ తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. కంప్యూటర్ గడియారం అయిదేళ్లు వెనక్కి పోతే, నిన్న మొన్న జారీ అయిన సర్టిఫికెట్లన్నీ దాని లెక్కలో ఇంకా మొదలే కాలేదు. తేదీ సరిచేయగానే సైట్లు తెరుచుకుంటాయి. వ్యాసం ఇక్కడ ముగించవద్దు. ప్లగ్ తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ మళ్లీ వెనక్కి పోతోందా అని అడగండి. పోతూ ఉంటే, డెస్క్‌టాప్‌లలో సాధారణంగా మదర్‌బోర్డ్ మీద ఉండే సీఆర్ 2032 అనే 3 వోల్టుల నాణెం బ్యాటరీ అయిపోయిందని అర్థం. మొదటి ప్రశ్నతో మొదలై బ్యాటరీ దాకా వచ్చిన పాఠకుడు మధ్యలో ఎక్కడా గుడ్డిగా అడుగు వేయలేదు.

ఇంటర్నెట్ చిక్కులకూ ఇదే పద్ధతి. కంప్యూటర్‌కు 169.254తో మొదలయ్యే చిరునామా వచ్చిందంటే రౌటర్ నుంచి దానికి చిరునామా అందలేదు, కాబట్టి వైఫై, కేబుల్, రౌటర్ వైపు చూడాలి. చిరునామా బాగానే ఉండి, అంకెల రూపంలోని చిరునామాకు పింగ్ (అవతలి నుంచి జవాబు వస్తుందో చూసే ఆదేశం) వెళ్తూ, సైటు పేరుకు మాత్రం వెళ్లకపోతే చిక్కు పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్‌లో ఉంది. లినక్స్ వాడుకరులకు రాసేటప్పుడూ అంతే: డిస్క్‌లో ఎంతో ఖాళీ కనబడుతూనే ‘చోటు లేదు’ అని వస్తే, డీఎఫ్ ఆదేశానికి ఐ అనే ఆప్షన్ చేర్చి ఒక్కో ఫైల్‌కూ ఒకటి చొప్పున ఖర్చయ్యే ఐనోడ్‌ల లెక్క చూడమనండి. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు చేరితే బైట్లు మిగిలి ఉన్నా ఐనోడ్‌లు అయిపోతాయి.

ఇక వరుస విషయం. వెనక్కి తీసుకోగలిగిన పనులు ముందు, తీసుకోలేనివి చివర రావాలి. ఇది అందరూ ఒప్పుకొనేదే, రాసేటప్పుడు అందరూ మరిచేదీ ఇదే. పెన్‌డ్రైవ్‌లో చోటున్నా పెద్ద సినిమా ఫైల్ ఎక్కడం లేదన్నవారికి, డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే ఎఫ్‌ఏటీ 32 పద్ధతిలో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదని వివరించి, అంత చిన్న హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేయమంటాం. ఫార్మాట్ చేస్తే ఉన్నవన్నీ పోతాయన్న హెచ్చరిక ఆ వాక్యానికి ముందు ఉండాలి. చాలామంది ఒక్కో వాక్యం చదువుతూ, చేస్తూ వెళ్తారు, కాబట్టి తర్వాతి పేరాలోని హెచ్చరిక వారికి అందేసరికి డ్రైవ్ ఖాళీ అయిపోయి ఉంటుంది.

కావలసినవి ముందే చెప్పకపోతే ఏమవుతుందో 2024 జూలై 19న ప్రపంచమంతా చూసింది. భద్రతా సాఫ్ట్‌వేర్ తయారుచేసే క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు బ్లూ స్క్రీన్‌తో కూలబడ్డాయి. నివారణ చెప్పడానికి నాలుగు వాక్యాలు చాలు: అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, ఫలానా ఫోల్డర్‌లో ఫలానా పేరుతో మొదలయ్యే ఫైల్‌ను తొలగించి, రీస్టార్ట్ చేయాలి. కాని డిస్క్‌కు ఎన్‌క్రిప్షన్‌తో తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉన్న యంత్రాలు మొదటి అడుగులోనే 48 అంకెల రికవరీ కీ అడిగాయి, అది దగ్గర లేనివారు అక్కడే ఆగిపోయారు. కొత్త విండోస్ 11 కంప్యూటర్లలో చాలావాటిలో వాడుకరి గమనించకుండానే ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. అందుచేత మీరు విండోస్ కన్నా ముందు లేచే బయాస్‌లో మార్పులు గానీ, స్టార్టప్ మరమ్మతు గానీ సూచించే వ్యాసానికి మొదటి పేరాలోనే, ఆ కీ ఎక్కడ దొరుకుతుందో చూసి రాసిపెట్టుకోమని చెప్పండి. చాలామందికి అది వారి మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే ఉంటుంది.

పాఠకుణ్ని ఆపవలసిన చోట ఆపడం కూడా మీ పనే. హార్డ్‌డిస్క్ నుంచి టకటకమని అదే పనిగా చప్పుడు వస్తూ, ఫోల్డర్ తెరవడానికి నిమిషాలు పడుతూ ఉంటే, డిస్క్ లోపాలు వెతికే చెక్‌డిస్క్‌ను ఆర్ ఆప్షన్‌తో నడపమని రాయడం హాని చేయడమే. అది డిస్క్ మొత్తాన్నీ చదివిస్తుంది, కొనప్రాణంతో ఉన్న డిస్క్ ఆ శ్రమకే పూర్తిగా పోవచ్చు. కాపీ చేసుకోగలిగినంత చేసుకోమనండి. ఆ ఫైళ్లకు మరో ప్రతి లేకపోతే వెంటనే ఆపి డేటా రికవరీ తెలిసినవారికి అప్పగించమనండి. ‘ఇంతకు మించి మీరు చేయవద్దు’ అన్న వాక్యం రాయడానికి మొహమాటపడకండి.

ఆదేశాలు ఇచ్చేటప్పుడు వాటికి ఎంతసేపు పడుతుందో, నడుస్తున్నప్పుడు ఎలా కనబడతాయో రాయండి. దెబ్బతిన్న విండోస్ ఫైళ్లను సరిచేసే ఎస్‌ఎఫ్‌సి స్కాన్‌నౌ గురించి మీరు ఒక వరుస రాశారు. అది ముగిశాక సాధారణంగా వచ్చే జవాబులు మూడు: లోపాలు లేవు, లోపాలు దొరికాయి సరిచేశాను, దొరికాయి గానీ కొన్నింటిని సరిచేయలేకపోయాను. మొదటిది వస్తే చిక్కు మరెక్కడో ఉందని అర్థం. మూడోది వస్తే, మరమ్మతుకు విండోస్ దాచుకొనే మూల ఫైళ్లను బాగుచేసే డిజమ్ ఆదేశాన్ని రిస్టోర్‌హెల్త్ ఆప్షన్‌తో నడిపి, ఆపైన ఎస్‌ఎఫ్‌సిని మళ్లీ నడపాలి. డిజమ్ మామూలుగా విండోస్ అప్‌డేట్ నుంచి మంచి ఫైళ్లు తెచ్చుకుంటుంది కనుక ఇంటర్నెట్ ఉండాలి; శాతం అంకె ఒకచోట చాలాసేపు కదలకుండా ఉండడం దానికి మామూలే. ఈ ఒక్క ముక్క రాయకపోవడం వల్లనే ఎందరో మధ్యలో విండో మూసేస్తారు.

ఈ లేఖలో ఆదేశాల పేర్లను తెలుగు లిపిలో రాశాను గానీ, వ్యాసంలో మాత్రం టైపు చేయవలసిన అక్షరాలను ఉన్నవున్నట్టు విడి వరుసలో ఇవ్వండి. ప్రచురణకు ముందు ఆ వరుసను మీ వ్యాసం నుంచే కాపీ చేసి వర్చువల్ మెషీన్‌లో (మీ కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌లో) నడిపి చూడండి. వర్డ్ ప్రాసెసర్లు రెండు చిన్న గీతలను కలిపి ఒక పొడుగు గీతగా, నిటారు కొటేషన్ గుర్తులను వంకర గుర్తులుగా మార్చేస్తాయి. చూపుకు తేడా తెలియదు, ఆదేశం మాత్రం పనిచేయదు, పాఠకుడు తన కంప్యూటర్‌లోనే తప్పుందనుకుంటాడు.

వ్యాసం పైన తేదీ, ఏ వెర్షన్‌లో పరీక్షించారో తప్పక వేయండి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది, కాని దాన్ని వాడేవారు ఇంకా ఉన్నారు. పాత కంట్రోల్ ప్యానెల్‌లోని అమరికలు ఒక్కొక్కటిగా సెట్టింగ్స్‌లోకి మారుతూ ఉన్నాయి. మెనూ దారి మారినప్పుడు పాత వ్యాసాన్ని తెరిచి ఆ వరుస సరిచేసి, సరిచేసిన తేదీ కింద చేర్చండి. ఇది ఎవరూ మెచ్చుకోని చాకిరీ, కొత్త వ్యాసం రాయడం కన్నా ఎక్కువ విసుగు పుట్టిస్తుంది. నెలకొక పూట దానికి కేటాయించుకోండి.

శుభాకాంక్షలతో,
మీ శ్రేయోభిలాషి