చిన్న వ్యాన్ వెనక ట్రైలర్: ఇంజిన్ కాదు, బరువు ఎక్కడుందో చూసుకోండి

“బ్రిటన్‌లో ఉంటున్నాను. బెర్లింగో లాంటి చిన్న వ్యాన్‌కి చిన్న ట్రైలర్ తగిలించి సామాను మోయొచ్చా? ఇంజిన్ పవర్ సరిపోతుందా?” అని అడిగారు.

సరిపోతుంది. ఇంజిన్ గురించి బెంగ పెట్టుకోకండి. నన్ను ఈ విషయం అడిగినవాళ్లంతా ఇంజిన్ గురించే అడిగారు. ట్రైలర్‌లో బరువు ఎక్కడ పెట్టాలని ఒక్కరూ అడగలేదు. ప్రాణం మీదకు తెచ్చేది మాత్రం అదే.

నాదీ బెర్లింగోనే. మేం లెస్టర్‌లో ఉంటాం. శని, ఆదివారాల్లో నేనూ మా ఆవిడా ఫంక్షన్లకు వంటలు చేస్తాం. ఒక ఏడాది బతుకమ్మకి కోవెంట్రీలో ఒక స్కూల్ హాల్లో భోజనాలు ఒప్పుకున్నాం. గుండిగలు, బియ్యం బస్తాలు, గ్రైండర్, పేపర్ ప్లేట్ల అట్టపెట్టెలు అన్నీ ట్రైలర్‌లోకే. తెల్లారగట్ల వర్షంలో సర్దుతుంటే మా బామ్మర్ది “బావా, అక్కడికి వెళ్లగానే ముందు గుండిగలూ బియ్యమే దించాలి, అవి తలుపు దగ్గర పెడదాం” అన్నాడు. వినడానికి బాగానే ఉంది, సరేనన్నాను. సర్దడం అంతా అయ్యాక నిర్వాహకుల దగ్గర్నుంచి ఫోన్: “మీ ట్రైలర్‌లో చోటుంటుంది కదా, దారిలో మా స్పీకర్లు రెండు వేసుకోండి.” అవీ వెనకే పెట్టాం. ఈ మాట నాకు ఇప్పటికీ ఒళ్లు మండిస్తుంది. చోటుంటే చాలు, బండి ఎంతైనా మోస్తుందనుకుంటారు. సాయం అడగడం తప్పు కాదు, ముందు రోజు చెప్పొచ్చు కదా!

లెస్టర్ నుంచి కోవెంట్రీ వెళ్లే ఎం69 మోటార్‌వే ఎక్కాం. మధ్య లేన్‌లోకి వచ్చి ఒక పెద్ద లారీని దాటుతున్నాను. ఇక్కడ లారీల వేగం గంటకి 56 మైళ్ల దగ్గర ఆగిపోతుంది, ట్రైలర్ ఉన్న మనకి మోటార్‌వే మీద 60 మైళ్లే హద్దు. అంటే లారీ పక్కన చాలాసేపు వెళ్లాల్సి వస్తుంది. దాని ముక్కు దాటామో లేదో పక్కనుంచి గాలి కొట్టింది. వెనక ఎవరో తోకపట్టి గుంజినట్టు వ్యాన్ కుడికి ఊగింది. తర్వాత ఎడమకి, మళ్లీ కుడికి, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువగా. అద్దంలో ట్రైలర్ ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క కనిపిస్తోంది. “బావా, బ్రేక్ వెయ్!” అని బామ్మర్ది అరుస్తున్నాడు.

నేను బ్రేక్ వేయలేదు. ట్రైలర్ కొన్నప్పుడు పక్కింటి పెద్దాయన ఒకే మాట చెప్పాడు: పాములా ఊగితే బ్రేక్ జోలికి పోకు, స్టీరింగ్‌తో సరిచేయాలని చూడకు, యాక్సిలరేటర్ మీంచి మెల్లగా కాలు తియ్యి. అలాగే చేశాను. 45కి వచ్చేసరికి ఊపు చచ్చింది. నా చేతులు మాత్రం చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి.

తర్వాతి జంక్షన్‌లో దిగి, వర్షంలోనే సామానంతా మళ్లీ సర్దాం. బస్తాలు, గుండిగలు చక్రాల మీదికి, కాస్త ముందుకి జరిపాం. ప్లేట్లు వెనక్కి పోయాయి. అదే వ్యాన్, అదే బరువు, అదే వర్షం. కోవెంట్రీ దాకా ట్రైలర్ మళ్లీ ఊగలేదు.

అప్పుడు మా తాత గుర్తొచ్చాడు. ఎడ్లబండిలో వరి మోపులు వేసేటప్పుడు ఒకటికి రెండుసార్లు కాడి ఎత్తి చూసేవాడు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడ తాళ్లు బిగుసుకుంటాయి, ముందు ఎక్కువైతే మెడలు కుంగిపోతాయి. మోటార్‌వే మీదా లెక్క అదే. ట్రైలర్ ముందు కొస వ్యాన్ కొక్కెం మీద కొంచెం బరువు మోపాలి. ఇక్కడివాళ్లు ట్రైలర్ మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం అంటారు. 400 కిలోలైతే 20 నుంచి 28 కిలోలు. బాత్‌రూమ్‌లో మనం బరువు చూసుకునే మెషిన్ మీద చెక్కముక్క నిలబెట్టి, దాని మీద ట్రైలర్ ముక్కు ఆనిస్తే తెలిసిపోతుంది. మీ వ్యాన్ పుస్తకంలో రాసిన హద్దు మాత్రం దాటనీయకండి. ఈ వ్యాన్లకు ముందు చక్రాలే లాగుతాయి కాబట్టి, వెనక అతిగా కుంగితే తడి గడ్డి మీద ముందు చక్రాలు ఉత్తినే తిరుగుతాయి.

చిన్న ట్రైలర్ రివర్స్ చేయడం తేలికనుకుంటారు. పెద్దదానికన్నా అదే కష్టం, చిటికెలో మడతపడుతుంది. పైగా మన వ్యాన్లకు వెనక అద్దం ఉండదు, వ్యాన్‌కన్నా సన్నటి ట్రైలర్ సైడ్ అద్దాల్లోనూ కనిపించదు. నేను దాని వెనక మూలల్లో రెండు ఎర్ర కర్రలు కట్టుకున్నాను. స్టీరింగ్‌ని కింద పట్టుకుని, ట్రైలర్ ఎటు వెళ్లాలో చేతిని అటు జరపండి.

లైసెన్స్‌కి టెన్షన్ వద్దు. 2021 డిసెంబర్ 16 నుంచి ఇక్కడి మామూలు కారు లైసెన్స్‌తోనే 3,500 కిలోల దాకా ట్రైలర్ లాగొచ్చు. కానీ మీ వ్యాన్ అంత లాగలేదు. బ్రేకులు లేని ట్రైలర్‌కి 750 కిలోలు గానీ, వ్యాన్ ఖాళీ బరువులో సగం గానీ, ఏది తక్కువైతే అదే హద్దు. 1,400 కిలోల వ్యాన్‌కి 700 అన్నమాట, అందులో ట్రైలర్ సొంత బరువూ కలిసే ఉంటుంది.

ట్రైలర్‌కి డబ్బు కట్టే ముందు వ్యాన్ మీద బరువులు రాసిన చిన్న ప్లేట్ వెతకండి. అందులో మొదటి అంకె వ్యాన్ నిండుగా ఉన్నప్పటి బరువు, రెండోది వ్యాన్, ట్రైలర్ కలిపి. రెండోది లేకపోయినా, మొదటిదానితో సమానంగా ఉన్నా ఆ వ్యాన్‌తో ట్రైలర్ లాగకూడదు. అమ్మేవాడు ఎంత నచ్చజెప్పినా సరే, కొనకండి.